పదిన్నరకి రీస్టార్ట్

మార్కాపురంలో పలకలు కోసే మిషన్లు ఉదయం ఏడింటికే మొదలవుతాయి. అవి తిరుగుతున్నంతసేపూ ఆ షెడ్లలో పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినపడదు. వెంకటసుబ్బయ్యని చంపినవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు.

ఆయన నక్కలవాగు రిజర్వాయర్‌లో కంట్రోల్ ఇంజనీరు. బుధవారం ఉదయం ఏడుంబావుకి స్కూటర్ మీద బావమరిది షెడ్డుకి వచ్చి, అర్జంటుగా ఒక ఫోన్ చేసుకోవాలన్నాడు. తన ఫోన్ మీద నమ్మకం లేదన్నాడు. బావమరిది ఆఫీసు గదిలోకి వెళ్లి ఫోన్ పట్టుకొచ్చేసరికి సుబ్బయ్య పలకల దొంతర మీదికి ఒరిగిపోయి ఉన్నాడు. చొక్కా మీద చిన్న ఎర్రటి మచ్చ పెద్దదవుతోంది. తుపాకీ పేలిన చప్పుడు ఆ షెడ్డులో ఉన్న పదహారు మందిలో ఒక్కరికీ వినపడలేదు.

ప్రాణం పోయేలోపు ఆయన మేకుతో ఒక పలక మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు గీశాడు. డి, హెచ్.

అదే రోజు మధ్యాహ్నం రెండింటికి పొదిలి బజారులో ఒక విత్తనాల దుకాణం ముందు శివకృష్ణ బస్సు దిగాడు. ముప్పై ఆరేళ్ల వయసు, మాసిన చొక్కా, భుజానికి గుడ్డసంచి. లోపల బస్తాల మధ్య కూర్చున్న మనిషిని వరిగ విత్తనాలు ఉన్నాయా అని అడిగాడు.

"ఇప్పుడు వరిగ ఎవరేస్తన్నారన్నా? కంది తీసుకో."

"కంది నిరుడు దెబ్బ కొట్టింది."

కోడ్ సరిపోయింది. ఆ మనిషి తల ఊపి వెనక మెట్లు చూపించాడు. మేడ మీద గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి జిల్లా మ్యాప్. కిటికీ దగ్గర గూఢచారి విభాగం చీఫ్ జాకబ్ నిలబడి ఉన్నాడు. అరవై దగ్గరపడిన ఆ మనిషి గొంతు పెంచి మాట్లాడగా డిపార్ట్‌మెంటులో ఎవరూ వినలేదు. పలక ఫోటో బల్ల మీదికి తోశాడు.

"అర్థమైందా?"

శివకృష్ణ దాన్ని రెండు క్షణాలు చూశాడు. కురిచేడులో రేడియోలు విప్పుకుంటూ పెరిగినవాడు, ఏజెంటు కాకముందు ఆరేళ్లు ఇలాంటి కంట్రోల్ బోర్డుల మీదే పనిచేసినవాడు.

"డ్రైవ్ హై. సుబ్బయ్యగారు రిజర్వాయర్ గేట్ల గురించి చెబుతున్నారు సార్."

"నాకు అర్థమయ్యేలా చెప్పు."

శివకృష్ణ చెప్పాడు. గేట్లని నడిపే కంప్యూటర్ అరచేతిలో పట్టేంత బోర్డు. దానికి కరెంటు అందగానే ఆపరేటింగ్ సిస్టమ్ లేవదు. అంతకంటే ముందు ఒక చిన్న ప్రోగ్రామ్ లేచి మెమరీ కార్డులో ఉన్న సెట్టింగ్స్ ఫైల్ చదువుతుంది. ఏ పిన్నుకి ఏ పరికరం తగిలించారో, మొదట్లో ఏది ఆన్‌లో ఉండాలో, ఏది ఆఫ్‌లో ఉండాలో అందులో మామూలు అక్షరాల్లో రాసి ఉంటుంది. గేట్ల మోటార్లని నడిపే స్విచ్చులు, అంటే రిలేలు, తగిలించిన పిన్నుల ఎదురుగా డి ఎల్ అని ఉండాలి. డ్రైవ్ లో, హైకి వ్యతిరేకం. అంటే గేట్లు మూసే ఉంచమని. అక్కడ ఎల్ తీసేసి హెచ్ పెడితే, బోర్డు రీస్టార్ట్ అయిన మూడో సెకనులో గేట్లన్నీ పైకి లేస్తాయి.

"పాస్‌వర్డులు, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్?"

"అవి ఆపరేటింగ్ సిస్టమ్ లేచాకే పనిచేస్తాయి సార్. ఇది దానికంటే ముందే జరిగిపోతుంది."

జాకబ్ మ్యాప్ దగ్గరికి వెళ్లాడు. రిజర్వాయర్ మీద ఒక వేలు, దానికి దిగువన రైలు వంతెన మీద ఇంకో వేలు పెట్టాడు. ప్రతి గురువారం ఉదయం పదిన్నరకి ఆ కంట్రోలర్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. రేపు గురువారం. రేపే పది యాభైకి ఒక డిఫెన్స్ స్పెషల్ రైలు ఆ వంతెన దాటుతుంది. తుపాను వానలకి రిజర్వాయర్ అంచుదాకా నిండి ఉంది. నీళ్లు వంతెనని చేరడానికి ఇరవై నిమిషాలు చాలు.

ఇది విక్టర్ ముఠా పని. ఆ పేరు అసలుదో కాదో ఎవరికీ తెలియదు. అతనికి ఏడు పాస్‌పోర్టులు ఉన్నాయనీ, ఏ దేశం డబ్బిస్తే ఆ దేశానికి పనిచేస్తాడనీ మాత్రం తెలుసు. రైలు ఆపితే విక్టర్ మాయమవుతాడు, అందుకని రైలు ఆపడం లేదన్నాడు జాకబ్. శివకృష్ణ బ్యాటరీ మెకానిక్ వేషంలో లోపలికి వెళ్లాలి. అక్షరం మార్చాలి. చడీచప్పుడు లేకుండా తిరిగి రావాలి.

"లోపల మన ఏజెంటు ఒకరున్నారు. రెండేళ్లుగా విక్టర్ ముఠాలో ఉన్నారు. సిస్టమ్ పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంది."

"ఎవరు సార్?"

"చూస్తే తెలుస్తుంది," అంటూ జాకబ్ ఒక చొక్కా ఇచ్చాడు. రెండో గుండీలో మైక్ ఉంది.

గురువారం తొమ్మిదిన్నరకి శివకృష్ణ గిద్దలూరు వైపు నుంచి ఆటోలో వచ్చి నక్కలవాగు కట్ట మొదట్లో దిగాడు. పెట్టుడు మీసం, లావుపాటి అద్దాలు, చేతిలో టూల్స్ డబ్బా. బయటి గేటు దగ్గర ఇద్దరు సాయుధ గార్డులు కాగితాలు చూసి వదిలారు. అక్కడి నుంచి కంట్రోల్ రూమ్ దాకా బాలయ్య తోడు నడిచాడు. గేట్ల దగ్గర ముప్పై ఏళ్లుగా కాపలా ఉన్న మనిషి. ఎండ కాస్తున్నా భుజం మీద గొంగడి దించలేదు. నాలుగడుగులు వేసేలోపే కొత్త మెకానిక్‌ని అల్లుడా అని పిలవడం మొదలుపెట్టాడు.

కట్ట మీద నుంచి కిందికి చూస్తే వాగు కనపడుతోంది. సన్నటి పాయ, రెండు పక్కలా పచ్చిక, దాని నిండా గొర్రెలు. నలుగురైదుగురు ఆడవాళ్లు రాళ్ల మధ్య పొయ్యి పెట్టుకుంటున్నారు.

"ఎవరు మామా వాళ్లు?"

"మా చెల్లెలు రాఘవమ్మ వాళ్లే. బేస్తవారిపేట కాడ నుంచి వచ్చినారు. మేత బాగుందని నిన్ననే దిగినారు వాగులోకి. పద్నాలుగు మంది, నాలుగొందల గొర్లు."

శివకృష్ణ కాళ్లు ఒక్క క్షణం ఆగాయి. వాళ్లని గట్టెక్కమని చెప్పమందామనుకున్నాడు. చెబితే ఎందుకని అడుగుతారు, గోల అవుతుంది, గోలైతే విక్టర్ మనుషులకి తెలిసిపోతుంది. చీఫ్ మాట గుర్తొచ్చింది. ఇంకో ముప్పావు గంటలో ఆ అక్షరం తానే మారుస్తాడు కదా అనుకుని ముందుకి నడిచాడు.

కంట్రోల్ రూమ్ తలుపు తీసింది ఒక ఆడమనిషి. నల్ల కళ్లద్దాలు, మెడలో ఒంటిపేట ముత్యాలు, ఆకుపచ్చ సిల్కు చీర. పరికరాల కంపెనీ తరఫున వచ్చిన కన్సల్టెంటు అని బాలయ్య పరిచయం చేశాడు. ఆమె అతన్ని బయటికి పంపి తలుపు వేసింది. కళ్లద్దాలు తీసింది.

శివకృష్ణ చేతిలోని డబ్బా నేలమీదికి జారింది.

అనురాధ. ఐదేళ్లు అతనితో కలిసి పనిచేసిన పార్ట్‌నర్. పెళ్లికి ముహూర్తం కూడా పెట్టుకున్నాక, రెండేళ్ల క్రితం విదేశీ రేవులో ఒక పడవ తగలబడి చచ్చిపోయింది. కబురు చెప్పింది జాకబే. చిన్న మట్టికుండలో చితాభస్మం తెచ్చి అతని చేతిలో పెట్టిందీ ఆయనే. దాన్ని శ్రీశైలం దగ్గర కృష్ణలో కలిపి, శివకృష్ణ మూడు నెలలు మనిషి కాలేకపోయాడు.

"వరిగ దొరకలేదా?" అంది అనురాధ. కోడ్ మాటే.

"ఆ కుండలో ఉన్నది ఏంది అనూ?"

"కట్టెల బూడిద. నన్ను విక్టర్ నమ్మాలంటే నేను అందరికీ చచ్చిపోవాలన్నారు చీఫ్. నీకు కూడా." ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "తిట్టుకుందువుగాని. ముందు పని చూడు. టైం లేదు."

అతనికి కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ ఆ చెయ్యి వెచ్చగా ఉంది. రెండేళ్లుగా లేదనుకున్న మనిషి ఊపిరి చెంపకి తగులుతోంది. కోప్పడటం తర్వాత చూద్దామనుకున్నాడు.

గోడకి బిగించిన ఇనుప పెట్టెలో ఛాతీ ఎత్తున ఉంది బోర్డు. దాని కింది అంచు నుంచి గోరంత మెమరీ కార్డు బయటికి కనపడుతోంది. శివకృష్ణ కేబుల్ తగిలించి లాప్‌టాప్ తెరిచాడు. అనురాధ పాస్‌వర్డ్ చెప్పింది. సెట్టింగ్స్ ఫైల్ తెరుచుకుంది. పంతొమ్మిదో లైనులో గేట్ల పిన్నులు, ఎదురుగా డి హెచ్. సుబ్బయ్య ప్రాణం తీసిన అక్షరం. అతను దాన్ని చెరిపి ఎల్ కొట్టాడు. సేవ్ చేశాడు.

ఫైలు చివర ఇంకో లైను ఉంది. వేరే ఫైలు కూడా తెచ్చి చదవమని బోర్డుకి చెప్పే లైను. అదేమిటని అడిగాడు.

"స్క్రీన్ డిస్‌ప్లే సెట్టింగ్స్. కంపెనీవాళ్లవి. నేను చూశాను," అంది అనురాధ. లాప్‌టాప్ మూసి, అతని మీసం మీద వేలితో తట్టి నవ్వింది. "ఇది అస్సలు బాగాలేదు. బయటికెళ్లి టీ తాగు. మెకానిక్ ఇంతసేపు లోపల ఉంటే బాగుండదు."

అప్పటికి టైం పదీ పది.

బయట రేకుల కింద బాలయ్య ఫ్లాస్కులో నుంచి టీ వంచి ఇచ్చాడు. శివకృష్ణకి చాలా రోజుల తర్వాత గుండె తేలిగ్గా ఉంది. కింద వాగులో పొయ్యి అంటుకుంది, పొగ తిన్నగా లేస్తోంది. బాలయ్య సుబ్బయ్య సారు చావు గురించి మొదలుపెట్టాడు. మంచి మనిషంట. సోమవారం ఈ మేడంతో గట్టిగా వాదన పడ్డాడంట. పెట్టెలో ఏం మార్చినావని అడిగాడంట.

"నిన్న తెల్లారి సారు మార్కాపురం పోయినాడు. ఆయన వెనకాలే ఈ యమ్మ జీపు తోలుకుంటా పోయింది. అంత తెల్లారే ఏం పనో?"

ముఠాలో ఉన్న మనిషి ముఠా పనులు చేయక తప్పదు కదా అని శివకృష్ణ తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. బాలయ్య ఇంకో సంగతికి వెళ్లిపోయాడు. ఇంత ఖర్చు పెట్టి కంప్యూటర్ తెచ్చినారు గాని దానికి ఒక టీవీ ముక్కయినా పెట్టలేదన్నాడు. మూడు దీపాలు చూసి లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలంట. మొదటి రోజు నుంచీ అట్లనే ఉందంట.

టీ గ్లాసు శివకృష్ణ పెదాల దగ్గరే ఆగిపోయింది.

స్క్రీన్ లేదు. లేని స్క్రీనుకి డిస్‌ప్లే సెట్టింగ్స్ ఎందుకు?

ఆ బోర్డు ఫైలుని పైనుంచి కిందికి చదువుతుంది. ఒకే పిన్ను గురించి రెండు చోట్ల రాస్తే చివర చదివిందే చెల్లుతుంది. తను దిద్దింది పంతొమ్మిదో లైను. అసలు ఆజ్ఞ చివరి లైను తెచ్చే రెండో ఫైల్లో ఉంది. పైన ఉన్న హెచ్ అతను దిద్దుకుని సంతోషపడటానికి వదిలింది.

పదీ ఇరవై రెండు. అతను తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. ఇనుప పెట్టె తెరిచే ఉంది. కేబుల్ లేదు, లాప్‌టాప్ లేదు. కిటికీ కింద రిజర్వాయర్ నీటిమీద వలయాలు ఇంకా విచ్చుకుంటున్నాయి. అనురాధ ఎదుటి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె చేతిలో పిస్టల్.

"టీ తాగడానికి ఇంకాస్త టైం తీసుకుంటావనుకున్నా," అంది.

సంకెళ్లు అతని ముందుకి విసిరింది. ఆ గదిలో కదలనిది గోడకి బిగించిన పెట్టె ఒక్కటే. దాని పక్కనున్న ఇనుప కడ్డీకి, చేతులు వెనక్కి పెట్టి, తనే బిగించుకోమంది. అతను బిగించుకున్నాడు. ఆమె ఇప్పుడే కాల్చదని అతనికి తెలుసు. పిస్టల్‌కి సైలెన్సర్ లేదు, చప్పుడైతే గార్డులొస్తారు. పదిన్నరకి గేట్లు లేస్తే సైరన్ మోగుతుంది. నిన్న పలకల మిషన్లు చేసిన పని ఈ రోజు సైరన్ చేస్తుంది.

"సుబ్బయ్యని నువ్వే..."

"నేనే."

"ఎందుకు అనూ?"

ఆమె నెమ్మదిగా, ఎవరిదో కథలా చెప్పింది. ముఠాలో చేరిన నాలుగో నెలలో విక్టర్‌కి అనుమానం వచ్చింది. ఎనిమిది నెలలు కిటికీ లేని గదిలో పెట్టాడు. విడిపించడానికి బేరం కుదురుతుందేమోనని జాకబ్‌కి కబురు పంపాడు. అలాంటి ఏజెంటు తమకెవరూ లేరని జాకబ్ సమాధానం పంపాడు. ఆ కాగితం విక్టర్ తెచ్చి ఆమెకి చూపించాడు.

"నన్ను ముందు చంపింది మీరు శివా. నీ చేతుల్తో నదిలో కూడా కలిపావు. నన్ను బతికించింది విక్టర్."

"నాకు తెలియదు. తెలిసుంటే వచ్చేవాణ్ణి."

"తెలుసు. అందుకే నీకు చెప్పలేదు వాళ్లు."

"సరే, జాకబ్ మీద కసి ఉంది. కింద వాగులో పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్లు నిన్నేం చేసినారు?"

ఆమె కిటికీ వైపు చూడలేదు. గడియారం వైపు చూసింది. ఆ చూపుతో అతనికి అంతా తెలిసిపోయింది. తను కృష్ణలో కలిపిన మనిషి నిజంగానే పోయింది. ఎదురుగా నిలబడ్డది ఇంకెవరో.

పదీ ఇరవై తొమ్మిది. గుండీలో మైక్ ఉంది, జాకబ్ ప్రతి మాటా వింటూనే ఉండాలి. గార్డులు ఈపాటికి వచ్చి ఉండాలి. కట్ట మీద ఎక్కడా అడుగుల చప్పుడు లేదు. ఎవరూ రావడం లేదు.

పదిన్నర.

పెట్టెలో రిలేలు టక్కుమన్నాయి. మూడు దీపాల్లో పచ్చది ఆరిపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్ పడుకుంది. ఇంకో మూడు నాలుగు సెకన్లలో బోర్డు మళ్లీ లేచి కార్డు కోసం వెతుకుతుంది. కార్డు దొరికితే ఫైలు చదువుతుంది. దొరకకపోతే దానికి చదవడానికి ఏమీ ఉండదు. పిన్నులు చచ్చినట్టు పడి ఉంటాయి, గేట్లు ఉన్నచోటే ఉంటాయి.

శివకృష్ణ భుజాలు మెలితిప్పి నడుము వంచాడు. మణికట్ల దగ్గర చర్మం లేచిపోయింది. అతని మొహం పెట్టెలోకి దూరింది. ఆమె కాల్చదని ఆ క్షణంలో కూడా అతని మనసులో ఏ మూలో నమ్మకం ఉంది.

కాల్చింది.

భుజం మీద సమ్మెట దెబ్బలా తగిలింది గుండు. ఆ విసురుకి అతని పళ్లు కార్డు మీద మూసుకున్నాయి. తల వెనక్కి లాగాడు. కార్డు ఊడివచ్చింది. దాన్ని దవడల మధ్య పెట్టి కసుక్కున కొరికాడు. పచ్చ దీపం ఒకసారి మిణుకుమని ఆగిపోయింది.

సైరన్ మోగలేదు.

రెండోసారి గురి చూస్తుండగా తలుపు తెరుచుకుంది. తుపాకీ చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన బాలయ్య ఒక్క చూపులో సంగతి గ్రహించాడు. కుమ్మే పొట్టేలు మీద వేసినట్టు గొంగడి విసిరి ఆమె తలమీద కప్పి, మొత్తం బరువుతో మీదపడ్డాడు. రెండో గుండు పైకప్పులోకి పోయింది. తర్వాత బూట్ల చప్పుడు, గార్డుల అరుపులు. ఆమెని లేపి నిలబెట్టినప్పుడు ముత్యాలు నేలంతా దొర్లుతున్నాయి. శివకృష్ణ వైపు ఒకసారి చూసి, వాళ్లతో నడిచింది.

పది యాభైకి వంతెన మీద రైలు కూత వినపడింది. బాలయ్య అతని భుజానికి తలపాగా గుడ్డ చుడుతూ, నోట్లో ఏందల్లుడా అది, ఉమ్మెయ్ అన్నాడు.

సాయంత్రం గిద్దలూరు ఆసుపత్రిలో మంచం పక్కన జాకబ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వంతెన కనపడే గుట్టమీద బైనాక్యులర్స్ పట్టుకుని నిలబడ్డ విక్టర్ పది నలభైకి దొరికిపోయాడని చెప్పాడు. అభినందించాడు.

"మైక్‌లో అంతా విన్నారా సార్?"

"విన్నాను."

"గార్డులు ఎందుకు రాలేదు?"

"వాళ్లకి నేనే చెప్పాను, తుపాకీ పేలితే తప్ప కదలొద్దని. ముందే కదిలితే, ఎక్కడి నుంచో చూస్తున్న విక్టర్ మాయమవుతాడు. అనురాధ ఏ పక్షమో మాకూ ఖాయంగా తెలియదు. తెలుసుకోవాలంటే ఆమె దగ్గరికి రానిచ్చే మనిషి కావాలి. అలాంటివాడివి నువ్వొక్కడివే."

శివకృష్ణ ఆ ఎనిమిది నెలల గది సంగతి నిజమేనా అని అడిగాడు. జాకబ్ కాదనలేదు. అప్పటి పరిస్థితులు వేరన్నాడు.

"రైలు గురించి కూడా బెంగపడకు," అన్నాడు తర్వాత. "అందులో ఏమీ లేదు. ఖాళీ వ్యాగన్లు. డ్రైవరు కూడా వంతెనకి ముందే ఆపడానికి సిద్ధంగా ఉన్నాడు."

"వాగు ఖాళీగా లేదు సార్."

జాకబ్ లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. భుజం మానడానికి ఆరు వారాలు పడుతుందట, ఆ తర్వాత సముద్రం అవతల ఒక పని ఉందట, పార్ట్‌నర్‌తో వెళ్లాల్సిన పనట. ఈసారి ఎవరు కావాలో శివకృష్ణనే ఎంచుకోమన్నాడు.

శివకృష్ణ గోడ వైపు తిరిగి పడుకుంటూ చెప్పాడు.

"ఈసారి నిజంగా చచ్చిపోయినవాళ్లని ఎవరినన్నా ఇయ్యండి సార్. వాళ్లయితే మాట మీద నిలబడతారు."